లండన్ కొంగకు మంగళగిరి అంచు

దర్శి బస్టాండు సెంటర్లో దిగి ఉత్త సుభానీ అని అడిగితే, ఏ సుభానీ అని మిమ్మల్నే ఎదురడుగుతారు. మా ఊళ్లో పదకొండుమంది ఉన్నారు. కొంగ సుభానీ అనండి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్తారు. కొట్టు మీద రేకు బోర్డు ఉంటుంది. "సుభానీ మైక్ సర్వీస్" అన్న అక్షరాలకు మూడింతలుగా దాని మీద ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంటుంది. మైకుసెట్టు కొట్టుకు కొంగెందుకని పొరపాటున అడిగారా, ఇక ఆ పూట మీ పనులు మరిచిపోండి. స్టూలు వేస్తాడు, టీ చెబుతాడు, కథ లండన్‌లో మొదలుపెడతాడు.

సుభానీకి మైకే లోకం. మిగతా మైకువాళ్లందరూ "హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ" అంటారు. వాడనడు. ఒక ఇంగ్లీషు బాజా పెడతాడు. చర్చి ఆర్గన్ లాంటిదొకటి ఎనిమిది నిమిషాలు మూలుగుతుంది. ఆ పైన డ్రమ్ములు, వెనక కుక్క తరుముతున్నట్టు పరుగెత్తుతాయి. దర్శి చుట్టుపక్కల పెళ్లయినా, పీర్ల పండగయినా, ఎన్నికల సభయినా ముందు ఆ ఎనిమిది నిమిషాలూ అనుభవించాల్సిందే. ఒకసారి ఒక అభ్యర్థి ఆ మూలుగు విని, తమ పార్టీలో పెద్దవాళ్లెవరో పోయారనుకుని లేచి నిలబడ్డాడు. ఆయన్ని చూసి జనమంతా నిలబడ్డారు. ఎవరు పోయారో చివరిదాకా ఎవరూ అడగలేదు.

ఆ రికార్డు వాడికి ఇచ్చింది నేనే. గుంటూరు కాన్వెంటులో నేను చదివే రోజుల్లో ఇంగ్లండు నుంచి వచ్చిన కుర్ర ఫాదర్ ఒకాయన మాకు పాటలు నేర్పేవాడు. ఇక మీదట చర్చి పాటల బృందంలో నోరు తెరవనని నేను మాటిచ్చినందుకు సంతోషపడి ఆయన నాకా రికార్డు బహుమతిగా ఇచ్చాడు. "అంబర్ హెరాన్" అని ఒక ఇంగ్లీషు బ్యాండు వాళ్లది. లండన్‌లో 1975లో ఇచ్చిన కచేరీని అక్కడికక్కడే రికార్డు చేశారు. అట్ట మీద బురదలో నిలబడ్డ కొంగ బొమ్మ. మా ఇంట్లో గ్రామఫోను లేదు. సుభానీ వాళ్ల నాన్నకు మైకుసెట్టుతో పాటు అదీ ఉంది. అందుకని అట్ట నాది, రికార్డు వాడిది అని పంచుకున్నాం. అప్పటికి ఇద్దరికీ పదిహేడేళ్లు.

రెండో వైపంతా ఒకటే పాట, ఇరవై మూడు నిమిషాలు. వచ్చిన వారంలోనే సుభానీ వాళ్ల నాన్న వెలిగించిన బీడీని దాని మీద పెట్టి భోజనానికి లేచాడు. చివరి మూడు నిమిషాలూ కాలిపోయాయి. మిగిలిన ఇరవై నిమిషాలూ విని విని సుభానీకి పిచ్చెక్కింది. ఆ పాట ఎలా ముగుస్తుందో తెలియదు.

"ఒరేయ్ కాన్వెంటూ, చివర్లో ఏం జరుగుద్దో అట్ట వెనకాల రాసుంటారు గదరా. చదువు," అన్నాడు.

అట్ట వెనక చీమకాళ్లంత అక్షరాలు. ఏ వాయిద్యం ఎవరిదో, బట్టలు ఎవరు కుట్టారో, ఏ హోటలు వంటమనిషికి కృతజ్ఞతలో రాసుంది. ముగింపు గురించి ఒక్క ముక్క లేదు. లేదని చెప్పాల్సింది. కానీ వాడు నా మొహంలోకి చూస్తున్నాడు. అంత నమ్మకంగా అంతకుముందు నన్నెవరూ చూడలేదు, మా ఇంట్లోవాళ్లతో సహా. దాంతో నాకు ఇంగ్లీషు పొంగుకొచ్చింది.

"చివర్లో పైనుంచి నలభై అడుగుల తెల్లకొంగ దిగుద్దంటరా. పాడేవాడు దాని వీపెక్కుతాడు. జనం నెత్తిన మూడుసార్లు తిరుగుతాడు. అప్పుడు బాజాలన్నీ ఆగిపోతాయి. కొంగ ఒక్కసారి అరుస్తుంది. చూసినవాళ్లంతా ఏడ్చారంట. అంతే రాశారు."

"అబ్బ," అన్నాడు సుభానీ. 

నేను మర్నాటికి మరిచిపోయాను. వాడు యాభై ఏళ్లు మోశాడు. వాళ్లావిడ నసీమున్నీసానడిగితే చెబుతుంది. "పెళ్లిచూపులకొచ్చి నా పేరన్నా అడగలేదన్నయ్యా. కొంగ మూడు చుట్లు తిరుగుద్దని చెప్పి, పకోడీలు తిని వెళ్లిపోయాడు." 1989లో ఒక షావుకారు కూతురి పెళ్లిలో వెదురుబద్దలతో, కాగితాలతో కొంగను కట్టి తీగ మీద పందిట్లోకి దింపాడు. దాని ముక్కు సరిగ్గా పెళ్లికొడుకు మేనమామ పంచెలో చిక్కుకుని, ఆ పెద్దమనిషి కూడా జనం నెత్తిన ఒకటిన్నర చుట్టు తిరిగాడు. అప్పటినుంచి వీడు కొంగ సుభానీ.

ఈ కథను మొదటినుంచీ నమ్మనివాడు ఊళ్లో ఒక్కడే. రిటైరైన లెక్కల మాస్టారు యలమందయ్య. ఆయన కొంగ బరువు, మనిషి బరువు, తీగ మందం బ్లాకుబోర్డు మీద వేసి, ఇది సాధ్యం కాదని తేల్చాడు. "కొంగా లేదు, గింగా లేదు" అని వారానికొకసారి కొట్టు ముందుకొచ్చి చెప్పి వెళ్లేవాడు. ఫోన్లో చూసి తేల్చుకోవచ్చు కదా అని కుర్రకారు అంటే సుభానీ ఒప్పుకునేవాడు కాదు. "ఫోన్లో లడ్డూ బొమ్మ చూస్తే నోరు తీపవుద్దా? నా ఎదురుగా మనుషులు వాయిస్తే వింటా. లేకపోతే లేదు."

ఇలా ఉండగా మంగళగిరిలో ఏదో కంప్యూటర్ ఆఫీసులో పనిచేసే మా మనవరాలు శ్రీరమ్య ఫోన్ చేసింది.

"తాతయ్యా, సుభానీ తాతయ్య బ్యాండు మంగళగిరి వస్తోంది!"

"వాళ్లలో సగంమంది పోయారు కదే?"

"వీళ్లు వేరే. బెంగుళూరు వాళ్లు. అచ్చం వాళ్లలాగే వేషాలేసుకుని, ఆ 1975 షోని ఉన్నదున్నట్టు మళ్లీ వాయిస్తారు."

"అంటే డూప్లికేటు."

"ట్రిబ్యూట్ అంటారు తాతయ్యా. పరువు తీయకు."

ఆ మాట సెంటర్లో పడేసరికి యలమందయ్య మాస్టారు చంకలో గొడుగుతో కొట్టుకొచ్చాడు.

"ఏం సుభానీ, ఉన్నదున్నట్టంట గదా! పోదాం పద. కొంగ దిగితే సరే. దిగకపోతే?"

"దిగుద్ది మాస్టారూ."

"దిగకపోతే ఆ బోర్డు మీద కొంగను నీ చేత్తో నువ్వే సున్నం కొట్టి చెరిపెయ్యాల. ఇంకెప్పుడూ ఎవరికీ ఆ కథ చెప్పగూడదు. దిగిందనుకో, నీ మైకులోనే నేను లెక్క తప్పానని ఊరంతా తిరిగి చాటుతా."

"ఒప్పుకున్నా," అన్నాడు సుభానీ. నవ్వుతూ నావైపు తిరిగి, "చెప్పరా కాన్వెంటూ, నువ్వే గదా చదివింది," అన్నాడు.

 అరవై ఆరేళ్లవాడు తన చేత్తో తన కొంగను చెరుపుకోవడం కళ్లముందు కనబడింది. మర్నాడు పొద్దున్నే మోకాళ్ల డాక్టరు దగ్గరికని చెప్పి మంగళగిరి బస్సెక్కాను.

ఆ బ్యాండు నాయకుడు లక్ష్మీకాంత్ మన తెనాలి వాడే. బెంగుళూరులో ఉద్యోగం, వయసు ముప్పై నాలుగు, ఎండాకాలంలో వెల్వెట్ కోటు. కల్యాణమండపంలో రిహార్సలు చేస్తున్నారు. నేను వెళ్లేసరికి గిటారు వాయించే మనిషి తీగ తెగ్గొడుతున్నాడు. మళ్లీ కడుతున్నాడు. మళ్లీ తెగ్గొడుతున్నాడు.

"ఏం బాబూ, తీగలు నాసిరకమా?" అన్నాను.

"కాదండి. ఒరిజినల్ షోలో ఆఖరి పాట పద్నాలుగో నిమిషంలో తీగ తెగింది. మేమూ కరెక్టుగా అక్కడే తెంపాలి. సింగరు ఒక లైను మరిచిపోయాడు. ఆ మరిచిపోవడాన్ని నేను ఆర్నెల్లు ప్రాక్టీస్ చేశానండి," అన్నాడు లక్ష్మీకాంత్. "ప్రాబ్లమల్లా ఏంటంటే, ఆ షోకి ఫిల్ము లేదు. నాలుగు ఫొటోలు, ఒక పేపర్ కటింగు. అంతే. చూసిన మనిషి ఒక్కడు దొరికితే నా జన్మ తరించేది."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"దొరికాడనుకో," అన్నాను.

నిజానికి నేనప్పటికి తూర్పుదిక్కున తెనాలి దాటలేదు. ఫాదర్ గారు మా పాటల బృందాన్ని లండన్ తీసుకెళ్లారనీ, అందులో నా గొంతే ముఖ్యమనీ చెప్పాను. లక్ష్మీకాంత్ నేల మీద కూర్చుండిపోయాడు. ఎక్కడ కూర్చున్నారండీ అనడిగాడు. బాల్కనీలో, స్తంభం వెనక అన్నాను. అందుకే కింద వాయించేవాళ్లు సరిగా కనబడలేదనీ, పైన తిరిగిన కొంగ మాత్రం బాగా కనబడిందనీ చెప్పాను.

"కొంగా?" అన్నాడు. రంగు మారింది.

"నీకు తెలియదా? అయ్యో."

"పేపర్లో లేదండి!"

"పేపరువాడు ఆఖరి రైలందుకోడానికి ముందే లేచిపోయాడు. నా కాళ్లు తొక్కుకుంటూ పోయాడు, నాకు గుర్తే."

ఆ కుర్రాడు జుట్టు పీక్కున్నాడు. ఏడేళ్లుగా పదకొండు ఊళ్లలో కొంగ లేకుండానే ప్రదర్శన ఇచ్చాడట. అంతమందిని మోసం చేశానా అని కుమిలిపోయాడు. నిజం చెప్పేద్దామా అని నాకొక క్షణం అనిపించింది. ఈలోపే వాడు లేచి, "మూడు రోజుల్లో కొంగ కావాలి," అన్నాడు.

పనులు చకచకా జరిగిపోయాయి. ఈ కాలం కల్యాణమండపాల్లో పెళ్లికూతురిని ఆకాశంనుంచి దింపడానికి పైకప్పుకు పట్టాలు, మోటారు బండి ఉంటున్నాయి. కొంగ దానికి వేలాడుతుంది. వెదురు తడికలతో ఒళ్లు కట్టారు. తెల్లచీర చుట్టారు. మంగళగిరి నేతచీర కదా, జరీ అంచు కత్తిరించడానికి ఎవరికీ చేతులు రాలేదు. అంచు రెక్కల చివర అలాగే ఉండిపోయింది. ఈకలకు జిన్నింగు మిల్లునుంచి పత్తి తెచ్చారు. చీర పలచన, వెదురు కనబడుతోంది, లోపల దళసరి గుడ్డ ఏదైనా వేయాలన్నారు. మా తోడల్లుడి కొడుకుది గుంటూరు యార్డులో మిర్చి కమీషన్ కొట్టు. నూట ఇరవై ఖాళీ గోనెసంచులు తెప్పించాను. దులిపి పంపరా అని గట్టిగా చెప్పాను కూడా. దులిపాననే అన్నాడు. ఆ సంచులతో పాటు నేనూ గుంటూరునుంచి వ్యానులో వచ్చాను. వాటిని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఏ వాసనా లేదు. కుట్టినవాళ్లూ గుంటూరు యార్డు మనుషులే. వాళ్లకూ ఏమీ అనిపించలేదు. పుట్టినప్పటినుంచీ మిరపకళ్లాల్లో దొర్లిన ముక్కుల్ని అడిగితే ఇంతకన్నా ఏం చెబుతాయి?

ఆదివారం సాయంత్రం నాలుగింటికి ప్రదర్శన. ఏడింటికి అదే మండపంలో ఎవరిదో రిసెప్షను. దర్శినుంచి మేం నలుగురం కారులో దిగాం. సుభానీ, నసీమున్నీసా, మాస్టారు, నేను. సుభానీ ఇస్త్రీ చొక్కా వేసుకుని అత్తరు పూసుకున్నాడు.  కారు దిగేముందు మెల్లగా నా చెవి దగ్గరకొచ్చి, "నువ్వు సరిగానే చదివావు గదరా?" అన్నాడు. యాభై ఏళ్లలో మొదటిసారి అడిగాడు.

"కాన్వెంటు ఇంగ్లీషురా అది," అన్నాను.

లోపల ఎనిమిది వందలమంది. నల్లబనియన్లు, గడ్డాలు, పక్కన విసుగ్గా భార్యలు. చప్పట్లు కొట్టేవాళ్లు లేరు. కొడితే లెక్క తప్పుతుందట. అందరూ కళ్లు మూసుకుని, కడుపునొప్పి వచ్చినట్టు తల ఊపుతున్నారు. మాస్టారు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ, "ఇప్పుడు ఏడు దెబ్బలు, ఇప్పుడు పదకొండు. వీళ్లకు ఎనిమిది దాకా రాదా?" అన్నాడు. ఆఖరి పాట పద్నాలుగో నిమిషంలో తీగ తెగింది. వెనక ఎవరో ఆనందబాష్పాలు తుడుచుకున్నారు. లక్ష్మీకాంత్ తన లైను మరిచిపోయాడు. ఎంత బాగా మరిచిపోయాడంటే, నిజంగానే తర్వాతి లైను కూడా పోయింది. సుభానీ మాత్రం కళ్లు తెరిచే ఉన్నాడు. ఒక్కసారి మాత్రం "బేసు ఎక్కువైంది" అని గొణిగాడు.

ఇరవయ్యో నిమిషం వచ్చింది. వాడి రికార్డు కాలిపోయిన చోటు. సుభానీ ముందు సీటును రెండు చేతులా పట్టుకున్నాడు. మాస్టారు సీలింగు వైపు చూసి, నావైపు చూసి, నవ్వు మొదలుపెట్టాడు.

సగంలో ఆ నవ్వు ఆగిపోయింది.

పొగలోంచి తెల్లటి ముక్కు వచ్చింది. తర్వాత మెడ. తర్వాత రెక్కలు, జరీ అంచులు మెరుస్తూ, ఈ చివరినుంచి ఆ చివరికి. పెళ్లికూతుళ్ల మోటారు గుర్రుమంటుండగా నలభై అడుగుల కొంగ వేదిక మీదికి దిగింది. లక్ష్మీకాంత్ దాని వీపెక్కాడు. కొంగ జనం నెత్తిమీదికి వచ్చింది. రెక్కలు ఆడాయి.

మొదటి చుట్టులో ముందు వరుసవాళ్లు దగ్గారు. రెండో చుట్టుకు హాలంతా తుమ్ములు. కళ్లలో నీళ్లు కారిపోతున్నాయి. ఒకాయన "వాట్ ఏ మూమెంట్!" అంటూ వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. మిర్చి యార్డు ధూళి వాళ్లను ఏడిపిస్తోందని ఎవరికీ తట్టలేదు. ఈ ముగింపు మీద గౌరవమే అలా పొంగిందనుకున్నారు. మూడో చుట్టులో బాజాలన్నీ ఆగిపోయాయి. వాయించేవాళ్లు వాయిద్యాలు వదిలేసి ముక్కులు పట్టుకున్నారు. ఆ నిశ్శబ్దంలో సంచులకు అందరికన్నా దగ్గరగా ఉన్న లక్ష్మీకాంత్‌కు పొలమారింది. "క్రాఁ!" అని ఒక్క కేక. అచ్చం కొంగే.

హాలంతా తుమ్ముతూ లేచి నిలబడింది.

మా వరుసలో మాత్రం ఎవరికీ తుమ్ము రాలేదు. మిరపకాయ తిని, పీల్చి బతికినవాళ్లం. అందుకే సుభానీ చెంపల మీద నీళ్లు చూసి, ఆ నేరం ధూళి మీదికి తోసేసే వీల్లేకపోయింది. మాస్టారు కూడా కళ్లద్దాలు తీసి తుడిచి, "చత్వారం పెరిగింది," అన్నాడు.

జనం బయటికి పరుగెత్తారు. సుభానీ కదలలేదు.

"ఏందిరా, కొంగ దిగింది గదా. లే," అన్నాను.

"దిగింది," అన్నాడు. "పాట చివర వినలేదురా. అందరూ తుమ్మారు."

అప్పుడు తెలిసింది నాకు నేనేం చేశానో. మొదటిసారి వాళ్ల నాన్న బీడీ కాల్చేసింది. రెండోసారి నేను. నేరుగా తెర వెనక్కి వెళ్లి, మొహం కడుక్కుంటున్న లక్ష్మీకాంత్‌ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. వాడు ఎర్రటి కళ్లతో ఖాళీ హాల్లో, రిసెప్షనుకు పూలు కట్టేవాళ్ల మధ్య ఆర్గన్ ముందు కూర్చున్నాడు. ఆ చివరి మూడు నిమిషాలూ సుభానీ ఒక్కడి కోసం వాయించాడు. ఒకే స్వరం తగ్గుతూ, తగ్గుతూ, చిన్నదైపోయి, ఆగిపోయింది.

సుభానీ ఆర్గన్ వైపు ముందుకు వంగాడు.

"అయిపోయిందా బాబూ?"

"అయిపోయిందండి."

"ఇంతేనా?" అన్నాడు. లేచి చొక్కా సర్దుకుని, "కొంగున్నదే బాగుంది," అన్నాడు.

తిరుగు ప్రయాణంలో చిలకలూరిపేట దాటాక మిగతా ఇద్దరూ కునికిపాట్లు పడుతుంటే మెల్లగా అన్నాడు. "ఒరేయ్, కొంగ పొట్ట కింద చీర జారింది చూశావా? లోపల గోనెసంచి మీద 'లాట్ నంబరు 212, గుంటూరు' అని ముద్రుందిరా. డెబ్బై ఐదులో లండన్ వాళ్లు మన యార్డులో సరుకు కొనేవాళ్లంటావా?"

"కొనే ఉంటారు," అన్నాను.

"ఊఁ," అన్నాడు.  ఇంటి దగ్గర దిగేటప్పుడు నా భుజం మీద ఒకటి గట్టిగా చరిచాడు. అది మెచ్చుకోలో, దెబ్బో ఇప్పటికీ తేలలేదు. రెండు రోజులు నొప్పి పుట్టింది.

యలమందయ్య మాస్టారు మాట మనిషి. మర్నాడు రిక్షాలో మైకు పెట్టుకుని, "నేను లెక్క తప్పాను" అని దర్శి అంతా చాటాడు. ముందు ఆ ఎనిమిది నిమిషాల ఆర్గన్ ఆయన కూడా వినాల్సి వచ్చింది. బోర్డు మీద కొంగ అలాగే ఉంది. సుభానీ దాని రెక్కలకు జరీ అంచు వేయించాడు.

లక్ష్మీకాంత్ ఊరుకోలేదు. కొంగ దొరికిందని లోకమంతటికీ రాశాడు. ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ కొంగ దిగుతోంది. సంచులు మా తోడల్లుడి కొడుకే పంపాలి. వేరే సంచులతో ఆ అనుభూతి రావడం లేదట. మొన్న శ్రీరమ్య ఒక కాగితం అచ్చేసి తెచ్చింది. ఇంగ్లండులో ఒక పెద్దాయన రాసిన ఉత్తరం. సుభానీ కొట్టులో కూర్చున్నాం. మాస్టారూ ఉన్నాడు.

"చదువు," అన్నాడు సుభానీ. "ఈసారి ఉన్నదున్నట్టు చదవాల."

చదివాను. ఆ పెద్దాయన ఆ కచేరీకి నిజంగా వెళ్లాడట. కొంగను మరిచిపోయినందుకు సిగ్గుపడుతున్నాడట. ఇప్పుడు అంతా స్పష్టంగా గుర్తొచ్చిందట. రెక్కలకు బంగారు అంచు, ఆ కేక, పక్కన కూర్చున్న భార్య కన్నీళ్లు.

చదవడం అయిపోయాక సుభానీ నా మొహంలోకి చూశాడు. పదిహేడేళ్లప్పుడు చూసిన చూపు కాదది.

"ఒట్టు. ఒక్క ముక్క కూడా కలపలేదురా," అన్నాను.

"సరేలే," అంటూ కాగితం నా చేతిలోంచి లాక్కుని, "మాస్టారూ, మీరొకసారి చదవండి," అన్నాడు.